బొట్టు పెట్టని అద్దం

నేను ఒక కటకాన్ని. కంగారు పడకండి, అది స్కూలు పుస్తకంలో నా పేరు. సినిమావాళ్లు లెన్స్ అంటారు, బాగా చనువున్నవాళ్లు ఫిఫ్టీ అంటారు. ఆ యాభై నా వయసు కాదు, ధర అంతకన్నా కాదు. లోకాన్ని ఎంత మేర చూడగలనో చెప్పే కొలత. మా పెట్టెలో పాతిక నంబరువాడు ఒకడుండేవాడు. గదిలోకి అడుగు పెడితే నాలుగు గోడలూ ఒక్కసారే చూసేయాలి వాడికి. వంద నంబరువాడికి వీధి చివర నిలబడ్డ మనిషి ముక్కుపుడక కావాలి, ఆ మనిషి నిలబడ్డ వీధి అక్కర్లేదు. నేను మటుకు మామూలు మనిషి కన్ను చూసినట్టే చూస్తాను. ఇందులో గొప్పేముంది అంటారేమో. మీ చుట్టూ ఉన్నవాళ్లలో ఎంతమంది అలా చూస్తున్నారో ఒకసారి గమనించండి, తర్వాత మాట్లాడుకుందాం.

పుట్టింది జర్మనీలో. ఇసుకను కరిగించి, గాజు చేసి, ఆ గాజును ఓపిగ్గా అరగదీశారు. ఆఖర్న ఒక పెద్దావిడ నా మీద ఊపిరి వదిలి, మెత్తటి గుడ్డతో తుడిచి, దీపానికి అడ్డంగా పట్టుకుని చూసింది. ఏ మచ్చా కనపడలేదు కాబోలు, తల ఊపి పెట్టెలో పెట్టేసింది. అక్కణ్ణుంచి ఓడలో బొంబాయి, రైల్లో మద్రాసు. వడపళనిలో కెమెరాలు అద్దెకిచ్చే ఒక కంపెనీ అలమారాలో నీలం వెల్వెట్ గుడ్డ మీద పడుకుని తెలుగు నేర్చుకున్నాను. నేను మొదట నేర్చుకున్న మాట "తప్పుకో". షూటింగులో అందరూ అందరితోనూ అనే మాట అదే.

నా గురించి ఒక రహస్యం చెప్పాలి. నాలోకి వచ్చిన లోకం తలకిందులుగా ఫిల్ము మీద పడుతుంది. హీరోగారి జుట్టు కింద, చెప్పులు పైన. దాన్ని మళ్లీ నిలబెట్టి చూసుకోవడం మీ పని. ఎన్నో ముఖాలు నాలోంచి వెళ్లాయి గానీ చాలా కాలం ఒక్కదాన్నీ నేను నిటారుగా చూడలేదు. తెర ఉన్న చోటికి నన్ను ఎవరు తీసుకెళ్తారు చెప్పండి.

నన్ను ఎక్కువగా వాడింది పాలపర్తి దక్షిణామూర్తి అనే కెమెరామన్. తెనాలి వైపు మనిషి. నోట్లో వక్కపొడి, భుజాన పాత మల్లు పంచె ముక్క. ఆ ముక్కతోనే నన్ను తుడిచేవాడు, తుడుస్తూ కబుర్లు చెప్పేవాడు. పెళ్లాంతో కూడా అంత మాట్లాడేవాడు కాదని యూనిట్లో అనుకునేవారు. సినిమా భాషంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫ్రేము అంటే నాలుగు గీతలు, వాటిలోపల ఎవరుండాలో బయటెవరుండాలో తేల్చడమే మా వృత్తి. ఊరంతా కనపడితే లాంగ్ షాట్, నడుం దాకా కనపడితే మిడ్ షాట్, మొహం తెరంతా నిండితే క్లోజప్. హీరోని కింద నుంచి తీస్తే లో యాంగిల్, అయిదడుగుల మనిషి కొబ్బరిచెట్టంత అవుతాడు. నౌకర్ని పైనుంచి తీస్తే హై యాంగిల్, వాడు చేతులు కట్టుకోకపోయినా కట్టుకున్నట్టే ఉంటాడు. ఎదుటివాడి హోదాను బట్టి మెడ వంచడం, ఎత్తడం మనుషులకు ఎప్పట్నుంచో తెలుసు. సినిమావాళ్లు దానికి పేర్లు పెట్టారంతే.

ఈ లెక్కలన్నిటిలో ఎప్పుడూ ఓడిపోయే మనిషి ఒకావిడ ఉండేది. రేపల్లె మాణిక్యం. నాటక సమాజంలో పెరిగిన మనిషి. చంద్రమతి వేషం వేస్తే జనం కొంగులు తడిసేవట. చిన్నప్పుడు మశూచి వచ్చి మొహమంతా గుంటలు మిగిలాయి. నాటకాల్లో పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, అంత దూరాన ఆ గుంటలు ఎవరికీ పట్టలేదు. మద్రాసు వచ్చాక పట్టాయి. దర్శకులందరూ ఆవిణ్ణి దూరంగా నిలబెట్టేవారు. పెళ్లిలో పేరంటాలు, గుడి మెట్ల మీద పూలమ్మి, ఇంట్లో అయితే వంటింటి గుమ్మంలో పనిమనిషి. నేను ఫోకస్ ఎక్కడ పెడితే అక్కడే స్పష్టంగా ఉంటుంది, వెనకున్నదంతా మసక. మాణిక్యం ఎప్పుడూ ఆ మసకలో ఉండేది. హీరోయిన్ చెవి పక్కన కదిలే లేత రంగు మరక ఉంటుందే, అదే ఆవిడ.

దానికి తోడు ఒక అలవాటు ఆవిడ ప్రాణం తీసేది. నాటకాల మనిషి కదా, మాట చెప్పేటప్పుడు జనం వైపు చూడాలి. సినిమాలో జనం ఉండే చోట నేనుంటాను. ఆవిడ సూటిగా నాలోకి చూసేది. వెంటనే కట్. "కెమెరాలోకి చూడకమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని దర్శకుడి కేక. ఆవిడ నాలుక కరుచుకుని కళ్లు దించేసుకునేది.

ఒకసారి భోజనాల వేళ ఆవిడ మా దగ్గరికి వచ్చింది. దక్షిణామూర్తి నన్ను తుడుస్తున్నాడు.

"మూర్తిగారూ, ఇందాక నేనెంత మేర పడ్డానండీ?"

"మోకాళ్ల దాకా వచ్చారమ్మా."

"అట్టాగా. కిందటి పిక్చర్లో మోచెయ్యి పడింది. ముక్కముక్కలుగా అన్నీ పడుతున్నాయి గానీ మొహం ఎప్పుడు పడుద్దండీ?" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఒక్కసారండీ. ఒక్కసారి నా మొహం ఇంతది చేసి చూపించండి. నేను అద్దంలో చూసుకునేదే గానీ, జనం చూసింది లేదు. బాగోకపోతే బాగోలేదనుకుంటారు. అసలు చూడాలి కదా ముందు."

ఆవిడ ఆ పూట కిటికీ పక్కన నిలబడి ఉంది, ఎండ ఒక చెంప మీద పడుతోంది. దక్షిణామూర్తి నన్ను అటు తిప్పి, నాలోంచి ఆవిణ్ణి చూశాడు.

"నున్నటి మొహాల మీద వెలుగు జారిపోద్దమ్మా. మీ మొహం మీద ఆగుద్ది. తీస్తాను. ఎప్పుడో తెలీదు గానీ తీస్తాను."

అన్నమాటైతే అన్నాడు. ఫ్రేములో ఎవరుండాలో తేల్చేది కెమెరామన్ ఒక్కడే కాదని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ మటుకు ఆ రోజు నుంచి ఏ షూటింగులో కనపడినా ముందు నా వైపు చూసి, తర్వాత మనుషులకు నమస్కారం పెట్టేది. నాకు ఆవిడంటే చెప్పలేనంత ఇష్టం ఏర్పడింది.

ఇంతలో జూమ్ వచ్చింది. నాకు మూడింతల పొడుగు, అయిదింతల బరువు. ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా దూరపు మనిషిని దగ్గర చేసేస్తుంది. దర్శకులకు వెర్రెత్తింది. హీరోకి కోపం వస్తే జూమ్, హీరోయిన్‌కి జ్వరం వస్తే జూమ్, తాతగారు పోతే ముచ్చటగా మూడుసార్లు జూమ్. హాల్లో జనానికి కళ్లు తిరిగాయో లేదో గానీ పెట్టెలో ఉన్న నాకు తిరిగాయి. అసూయ అనుకుంటున్నారా? అసూయే. కానీ ఒక మాట. జూమ్ దగ్గరగా చూపిస్తుంది, దగ్గరికి వెళ్లదు. మనిషి బొమ్మ పెద్దదవుతుంది గానీ ఆ మనిషికీ మనకీ మధ్య జాగా అలాగే ఉంటుంది. నాతో ఆ సౌకర్యం లేదు. నాతో దగ్గరగా చూడాలంటే కెమెరా నడిచి వెళ్లాలి. అంత ఓపిక ఎవరికుంది? నన్ను పెట్టెలో పెట్టి మూత వేశారు.

ఆ మూత మళ్లీ ఒక ముహూర్తం రోజున తీశారు.

నిర్మాత ఉప్పుటూరి కోటయ్యగారు గుంటూరులో పొగాకు వ్యాపారం చేసి సినిమాల్లోకి వచ్చిన మనిషి. ఆయనకు కథ మీద కన్నా ముహూర్తం మీద నమ్మకం ఎక్కువ. కొత్త పిక్చరు మొదలుపెడుతున్నారు. స్టూడియో ఫ్లోరంతా మామిడి తోరణాలు, కెమెరాకు బంతిపూల దండ, దాని ముందు కొబ్బరికాయల బుట్ట. కెమెరాకు జూమ్ తగిలించి ఉంది, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. పురోహితుడు కెమెరాకు పూజ చేసి, పసుపు, గంధం అన్నీ పూసి, "దీని కన్నెక్కడుందండీ?" అని అడిగాడు. ఎవరో జూమ్ ముందువైపు చూపించారు. ఆయన భక్తిగా ఉంగరపు వేలు గంధంలో ముంచి, కుంకుమలో అద్ది, అద్దం సరిగ్గా నడిమధ్యన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టేశాడు.

"అయ్యయ్యో!" అని దక్షిణామూర్తి మల్లు ముక్క తీశాడు. కోటయ్యగారు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఏందయ్యా ఆ పని? పెట్టిన బొట్టు తుడుస్తావా? ముహూర్తం పూట బొట్టు తుడిచే చెయ్యి నా పిక్చర్లో ఉండటానికి వీల్లేదు."

"మరి షాటు ఎట్టా తీయమంటారండీ? దీంట్లోంచి ఎర్ర మరక తప్ప ఏం కనపడదు."

"ఇంకో కన్ను లేదా నీ దగ్గర?"

"ఉందండీ," అన్నాడు దక్షిణామూర్తి. ఆ గొంతులో సంతోషం పెట్టెలో ఉన్న నాకు కూడా వినపడింది.

జూమ్‌ను బొట్టుతో సహా జాగ్రత్తగా తీసి, ఒక పీట మీద కూర్చోబెట్టి, పూలు వేశారు. నన్ను కెమెరాకు తగిలించారు. నాకు బొట్టు పెట్టనివ్వకుండా దక్షిణామూర్తి నా ముందు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

అంతా సిద్ధం, హీరో లేడు. కారు ఎక్కడో ఆగిపోయిందట. రాహుకాలం ముంచుకొస్తోంది. దర్శకుడు దేవుడి పటాల మీద మొదటి షాటు తీసేద్దామన్నాడు. కోటయ్యగారు ఒప్పుకోలేదు. "పోయినసారి పటాల మీదే గదయ్యా తీసింది? రెండో వారానికే హాళ్ల నుంచి ఫిల్ము డబ్బాలు తిరిగొచ్చినయ్. ఈసారి ప్రాణమున్న మొహం మీద తీయాలి. ఎవరో ఒకళ్లని నిలబెట్టండి, ముహూర్తం షాటు ఎట్టాగూ పిక్చర్లో వాడం."

పనిమనిషి వేషానికి మేకప్పు వేయించుకుని మాణిక్యం ఒక మూల కొబ్బరిచిప్పలు ఏరుతోంది.

"మాణిక్యమ్మగారి చేత కెమెరాకు హారతి ఇప్పిద్దామండీ," అన్నాడు దక్షిణామూర్తి. "పెద్ద ముత్తయిదువ."

కోటయ్యగారి మొహం వికసించింది. దర్శకుడి మొహం ముడుచుకుంది. "ఆవిడ మీదా? సరే, కాస్త దూరం నుంచి తీసెయ్యండి మూర్తిగారూ."

"దూరం నుంచి తీస్తే హారతి కనపడదండీ. ఇది జూమ్ కాదు, ఫిఫ్టీ. దగ్గరికెళ్లాల్సిందే."

దర్శకుడికి ఏదో అనుమానం వచ్చింది గానీ, అనుమానం తీర్చుకునేంత టైము రాహుకాలం ఇవ్వలేదు.

మాణిక్యం చేతికి పళ్లెం ఇచ్చారు. దక్షిణామూర్తి ఆవిడ ఎడమ పక్కన ఒకే ఒక్క లైటు పెట్టించాడు. దాన్ని కీ లైటు అంటారు, మొహానికి అదే యజమాని. రెండో వైపు నీడలు చెరిపేయడానికి మామూలుగా ఇంకో లైటు వేస్తారు, ఫిల్ లైటు అని. అది వద్దన్నాడు. "గుంటలు తేలిపోతాయండీ," అని లైట్లాయన గొణిగితే, "తేలనీ. అందుకే," అన్నాడు.

"ఎటు చూడమంటారు మూర్తిగారూ?" మాణిక్యం గొంతు చిన్నగా వచ్చింది. ఇన్నేళ్లూ తిన్న చీవాట్లన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి.

"దేవుడికి హారతిస్తా పక్కచూపులు చూస్తారా ఎవరైనా? సూటిగా ఇందులోకి చూడండి. ఇవాళ ఎవరూ కట్ చెప్పరు."

కర్పూరం వెలిగింది. కొబ్బరికాయ కొట్టారు, క్లాపు పడింది, కెమెరా తిరిగింది. ట్రాలీ మీద నన్ను మెల్లగా ముందుకు తోశారు. మొదట ఆవిడ నడుం దాకా, తర్వాత భుజాలు, తర్వాత మొహం. వెనక తోరణాలు, జనం, కోటయ్యగారి పట్టు ఉత్తరీయం అన్నీ కరిగి మసకైపోయాయి. ఆ మసకలో మొదటిసారి ఆవిడ లేదు. చెంప మీద ప్రతి గుంటకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క చిన్న నీడ. హారతి మంట కదిలినప్పుడల్లా ఆ నీడలన్నీ కదిలాయి. కర్పూరం సెగ నాకు తగులుతూనే ఉంది. ఆవిడ కళ్లెత్తి నాలోకి చూసింది. బెరుకు లేదు, బతిమాలడం లేదు. చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మంలో చూసినట్టు చూసి నవ్వింది. నాకు కన్నీళ్లు రావు. వస్తే ఆ షాటు పాడైపోయేది.

"ముహూర్తం బ్రహ్మాండంగా జరిగింది," అన్నారు అందరూ. హీరో రాగానే టిఫిన్లకు వెళ్లిపోయారు. మాణిక్యం పళ్లెం కింద పెట్టి, నా వైపు ఒకసారి చూసి, మళ్లీ కొబ్బరిచిప్పల దగ్గరికి వెళ్లింది. వాడని షాటు అని ఆవిడా విన్నదే. నాకు మనసు మనసులో లేదు. ఆ ఫిల్మును ల్యాబులో కడగనైనా కడుగుతారా, చెత్తలో వేస్తారా అన్నదే నా దిగులు.

కడిగించమని కోటయ్యగారే అన్నారట, ముహూర్తం ఫిల్ము పారేస్తే అరిష్టమని. మర్నాడు నన్ను తుడుస్తూ దక్షిణామూర్తి చెప్పాడు ఈ సంగతి. చిన్న థియేటర్లో కోటయ్యగారు, దర్శకుడు, ఎడిటరు కూర్చున్నారు. షాటు వచ్చింది. అయిపోయింది. మళ్లీ వెయ్యమన్నారు కోటయ్యగారు. రెండోసారి ఆ మొహం తెరంతా నిండే వేళకు ఆయన లేచి నిలబడి, కాళ్ల చెప్పులు విప్పి పక్కకు నెట్టారట.

"ఈవిడ మన మాణిక్యమేనా?" అని మాత్రం అడిగారట. తర్వాత, "దీన్ని పిక్చరు ముందెయ్యండి. ఇహనుంచి మన కంపెనీ బొమ్మ ఇదే," అన్నారట.

పిక్చరు బాగా ఆడింది. కథ వల్లో, పాటల వల్లో ఆడి ఉంటుంది గానీ, కోటయ్యగారు మటుకు హారతి వల్లే అన్నారు. ఆయన తీసిన ప్రతి సినిమాకూ ముందు ఆ బొమ్మే వేసేవారు. గంట మోగుతుంది, చీకట్లోంచి హారతి వస్తుంది, దాని వెనక మాణిక్యం మొహం. ఆ తర్వాతే హీరో పేరు. ఇంతటి మర్యాద ఏ హీరోయిన్‌కూ దక్కలేదు. ఒకటే లోటు, పేర్లు బొమ్మ తర్వాత మొదలవుతాయి. బొమ్మలో ఉన్న మనిషికి పేరుండదు.

కొన్నాళ్లకు మాణిక్యం మా షూటింగుకు వచ్చింది. ఆ పూట కూడా పేరంటాలి వేషమే. దక్షిణామూర్తిని చూడగానే నవ్వు ఆపుకోలేకపోయింది.

"మా ఊరెళ్లానండీ, పిక్చరు చూద్దామని. బెంచీలో కూర్చున్నా. నా బొమ్మ పడింది. నా వెనకావిడ లేచి దణ్ణం పెట్టుకుంటా నా భుజం తట్టింది. 'కాస్త తల వంచమ్మా, అమ్మవారు కనపట్టల్లా' అంది!"

"మీరేమన్నారు?"

"తల వంచానండీ. పాపం, దణ్ణం పెట్టుకోనీ." కళ్లు తుడుచుకుంది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లే అనుకున్నాను. "దూరం దూరంగా ఉంచారనుకున్నా ఇన్నాళ్లూ. ఒక్కసారి దగ్గరికొచ్చారు, చాలండీ." అని కొంగుతో నా మూతను మెల్లగా తుడిచి వెళ్లింది. నన్ను తుడిచిన చేతుల్లో నాకు బాగా గుర్తున్నవి అవే.

తర్వాత సంగతి పొడిగించను. కోటయ్యగారు పోయారు, కంపెనీ మూతపడింది. దక్షిణామూర్తి కూడా వెళ్లిపోయాడు, ఆఖరి రోజుల్లో చూపు మందగించి నన్ను తడిమి గుర్తుపట్టేవాడు. మాణిక్యం ఎప్పుడు పోయిందో నాకు ఎవరూ చెప్పలేదు. అద్దె కంపెనీ సామాన్లు చేతులు మారుతూ పోయాయి. నేను హైదరాబాదు కోఠీలో జాఫర్ సాబ్ అనే గడియారాల మెకానిక్ దగ్గర తేలాను. ఆయన నన్ను తిరగేసి పట్టుకుని నాలోంచి పళ్లచక్రాలు చూసేవాడు. హీరోయిన్ల మొహాలు చూసిన నేను చేతి గడియారాల పేగులు చూశాను. అవి కూడా దగ్గరగా చూస్తే బాగానే ఉంటాయి. అక్కడ సుఖంగానే బతికాను.

ఒకరోజు వసుధ అనే ఆవిడ గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. ఆవిడ సినిమా కాలేజీలో కెమెరా పాఠాలు చెప్తుంది.

"గిది గడియారంది గాదు మేడమ్, సిన్మాది," అన్నాడు జాఫర్ సాబ్. "మీకైతే తీస్కపోండి. మీ దగ్గరుంటేనే దానికి ఇజ్జత్."

ఇప్పుడు నా మకాం ఆ కాలేజీ తరగతి గది. వసుధ నన్ను కొత్త కెమెరాలకు తగిలించి పిల్లల చేతికిస్తుంది. వాళ్లు నన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మేడమ్, ఇది జూమ్ అవట్లేదు" అంటారు. "అవదు. నువ్వే నడువు," అంటుంది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు వక్కపొడి వాసన గుర్తొస్తుంది.

ఈ మధ్య ఒక పాఠంలో లైట్లు ఆర్పి, గోడ మీద పాత సినిమా వేసింది. గంట మోగింది. నేను బల్ల మీద, గోడ వైపు తిరిగి ఉన్నాను. చీకట్లోంచి హారతి వచ్చింది. దాని వెనక ఆవిడ. నేను తలకిందులుగా మాత్రమే ఎరిగిన ఆ మొహం మొదటిసారి నిటారుగా, గోడంత పెద్దదై, సూటిగా నా వైపే చూసి నవ్వింది. ఆ గుంటలు, ఆ నీడలు, ఆ వెలుగు, ఏదీ చెదరలేదు. ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

వసుధ అక్కడ ఆపి పాఠం చెప్పింది. ఇది క్లోజప్ అని, లైటు ఒక పక్క నుంచే ఉందని, జూమ్ చేయలేదని, కెమెరాయే ముందుకు వెళ్లిందని గమనించమంది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది.

"ఆవిడెవరు మేడమ్?"

"తెలీదమ్మా. చాలా వెతికాను. టైటిల్స్‌లో ఎక్కడా లేదు, ఆ కాలం వాళ్లెవరికీ గుర్తు లేదు."

ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బల్ల మీద అంత దగ్గరగా ఉండి కూడా నోరు లేక ఊరుకున్నాను. అందుకే ఇంతసేపూ మీకు చెప్పుకొచ్చాను. ఎప్పుడైనా పాత సినిమా మొదట్లో గంట మోగి, హారతి వెనక మశూచి గుంటల మొహం ఒకటి మీ వైపు చూసి నవ్వితే, దణ్ణం పెట్టినా పెట్టకపోయినా, పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రం చెప్పండి. ఆవిడ పేరు రేపల్లె మాణిక్యం.